రెండో చరుపు

సాయంత్రం ఐదు గంటల దాకా సమ్మెట ఎవరి మీదా చెయ్యి చేసుకోకుండా ఉంటే చాలు. అంతకు మించి ఎవరూ ఏమీ కోరలేదు. ఆ మాత్రం దానికి నలుగురు మనుషులు వారానికి ఒక్కసారి దొరికే సెలవును ధారపోసి, రెండు బస్సులు మారి, ఊరికి ఆ చివరనున్న పెద్ద పార్కుకు బయలుదేరారంటే ఆ చెయ్యి ఎలాంటిదో మీరే అర్థం చేసుకోండి.

వాళ్లది పాత భవనాలు కూల్చే పని. యంత్రం దూరగలిగిన చోట డ్రైవరు యంత్రంతోనే గోడలు తోసేస్తాడు. అది దూరని ఇరుకు గదుల్లో, మెట్ల కింద, పక్కవాళ్ల ఇంటిని ఆనుకున్న చోట మనిషే సమ్మెట పట్టాలి. పదకొండేళ్లుగా ఆ పని చేస్తున్నవాడిని అందరూ సమ్మెట అనే పిలుస్తారు. కన్నవాళ్లు పెట్టిన పేరు కోర్టు కాగితాల్లో తప్ప ఎక్కడా వినపడదు. అతని వెనక నిలబడి, గోడకు చెవి ఆనించి, వేలి కణుపులతో తట్టి చూసి, లోపల ఇనుముందా, బోలుగా ఉందా, ఏ దెబ్బకు ఎటు ఒరుగుతుంది అన్నది తేల్చేవాడి పేరు చెవి. చెవి చెల్లెలే సమ్మెట భార్య. మగవాళ్లిద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు. వీళ్లందరి మీదా పెత్తనం చేసే పెద్దాయన మేస్త్రీ.

యంత్రాల రొదలో మాటలు వినపడవు. పైగా సమ్మెట చెవుల్లో దూది కుక్కుకుని, తలకు గుడ్డ చుట్టుకుని, కళ్లకు దళసరి అద్దాలు పెట్టుకుని ఎదురుగా గోడ తప్ప మరేమీ చూడడు. అందుకని మేస్త్రీ ఒక పద్ధతి పెట్టాడు. వెనకున్నవాడు అరచేత్తో వీపు మీద ఒక్కటి చరిస్తే కొట్టాలి. వెంటనే రెండోది కూడా పడితే ఆగాలి. మొదటి చరుపు పడగానే సమ్మెట ఊపిరి బిగబట్టి, రెండోది వస్తుందేమోనని ఒక్క రెప్పపాటు చూస్తాడు. రాకపోతే కొడతాడు. కొట్టాక దుమ్ములో ఏమీ కనపడదు కాబట్టి వెనక్కి తిరక్కుండానే అడుగుతాడు.

"పడిందా బావా?"

ఒకసారి మూడో అంతస్తులో, తలపైకి ఎత్తిన సమ్మెటను చెవి రెండు చరుపులతో గాల్లోనే ఆపేశాడు. ఆ గోడ వెనక ఎవరో మూయడం మరిచిపోయిన గ్యాసు గొట్టం ఉంది. కొట్టి ఉంటే ఇద్దరినీ పోగుచేసి తట్టలో ఎత్తాల్సి వచ్చేది. ఎందుకు ఆపావు అని సమ్మెట ఆ రోజు కూడా అడగలేదు. అదీ వాళ్ల నమ్మకం.

కిందటేడు చెవి జ్వరంతో ఇంట్లో పడుకున్న రోజున సమ్మెట ఒక మనిషి దవడ విరగ్గొట్టాడు. శిథిలాలు మోసే లారీల యజమాని ఒకడున్నాడు. కింద మనుషులున్నారో లేదో చూసుకోకుండా లారీ తొట్టి ఎత్తించి, వీళ్ల డ్రైవరును నడుం దాకా ఇటుకల్లో కప్పెట్టేశాడు. పైగా "చచ్చాడా ఏంటి?" అని నవ్వాడు. సమ్మెట ఒక్కటే కొట్టాడు. ఒక్కటికే దవడ రెండు చోట్ల విరిగింది. జడ్జి మూడేళ్లు శిక్ష వేసి, ఒక షరతు మీద దాన్ని ఆపి ఉంచాడు. ఏడాది పాటు వారం వారం స్టేషన్లో సంతకం పెట్టాలి, ఎవరి మీదా చెయ్యి ఎత్తకూడదు. ఎత్తాడా, మూడేళ్లూ లోపలే. ఆ రోజు సాయంత్రం ఐదింటికి పెట్టాల్సింది చివరి సంతకం.

"నేను వెనక ఉండుంటే అది జరిగేదే కాదు" అని ఈ ఏడాదిలో చెవి కనీసం వెయ్యిసార్లు అని ఉంటాడు. అతని గర్వమంతా ఆ మాటలోనే ఉంది.

లారీల షెడ్డు సమ్మెట ఉండే వీధి మొదట్లోనే ఉంది. షెడ్డు ముందు కుర్చీ వేసుకుని కూర్చునే ఆ మనిషికి డ్రైవరు దవడ అని పేరు పెట్టాడు. దవడకు కూడా తేదీ తెలుసు. చివరి రోజున గుమ్మం ముందుకొచ్చి ఏదో ఒక గొడవ పెట్టక మానడు. అందుకే పార్కు ఆలోచన చేసింది చెవి. "పెద్ద పార్కు, బోలెడు జనం, మనల్ని ఎరిగినవాడు ఒక్కడుండడు. చెట్టు కింద పడుకుని, పడవెక్కి, నాలుగింటికి లేచి నేరుగా స్టేషన్‌కు పోదాం" అన్నాడు. అందరికీ నచ్చింది.

పొద్దున బయలుదేరేటప్పుడు చెల్లెలు తలకు రుమాలు కట్టుకుని గుమ్మంలో నిలబడింది. మూడు వారాలుగా ఆ రుమాలు విప్పడం లేదు. తల్లో పుండు లేచిందంది. ఆరేళ్ల కూతురు వెనక నుంచి మెడ పట్టుకుని వేలాడబోతే ఉలిక్కిపడి దాని చేతులు విదిలించుకుంది.

"అన్నయ్యా, ఆయన చేతులు నీ చేతుల్లో పెడుతున్నాను. సంతకం అయ్యేదాకా పక్క నుంచి కదలకు."

"పక్కన కాదమ్మా, వెనకే ఉంటాను" అన్నాడు చెవి.

పాప కూడా వస్తానని ఏడ్చింది. దాన్ని ఎవరైనా తోస్తే సమ్మెట ఆగుతాడా? అందుకే వద్దన్నారు. "సంతకం పెట్టి నేరుగా ఇంటికొస్తా. నువ్వు బూట్లేసుకుని తయారుగా ఉండు. బజారుకు భుజాల మీద ఎక్కించుకుని తీసుకెళ్తా" అని సమ్మెట మాటిచ్చాడు. పాప అప్పుడే పరిగెత్తుకెళ్లి బూట్లు తెచ్చుకుంది.

పార్కు గేటు దగ్గరే మొదటి పరీక్ష ఎదురైంది. లైన్లో కాస్త ముందుకు జరిగాడని కాపలావాడు లాఠీ కొసతో సమ్మెట కడుపులో ఒక్క పోటు పొడిచాడు. "వెనక్కి తగ్గు, పశువా!" సమ్మెట భుజాలు పైకి లేచాయి. చెవి అరచెయ్యి అతని వీపు మీద రెండుసార్లు పడింది. భుజాలు దిగిపోయాయి. కాపలావాడికి తను ఆ పూట ఎంత పెద్ద గండం తప్పించుకున్నాడో తెలియదు, గేటు దగ్గర నిలబడి పళ్లు కుట్టుకుంటూ ఉండిపోయాడు.

లోపల మాత్రం ఎంత పచ్చగా ఉందనీ! చెరువు పక్కన దుప్పటి పరిచారు. మేస్త్రీ ఇంటి నుంచి దిండు కూడా తెచ్చుకున్నాడు. ముఖం మీద తువ్వాలు కప్పుకుని, "లోకం మునిగినా లేపకండిరా" అని ఐదు నిమిషాల్లో గురక మొదలుపెట్టాడు. డ్రైవరు రొట్టెలు, ఉడకబెట్టిన గుడ్లు, పళ్లు బయటికి తీశాడు. యంత్రం మీద కూర్చుని కూర్చుని అతని పొట్ట ఎక్కడ మొదలవుతుందో ఎక్కడ ముగుస్తుందో ఎవరికీ తెలియదు. గడ్డి మీద అటూ ఇటూ దొర్లుతూ, తను దొర్లినచోట గడ్డి మళ్లీ మొలవదని తనే జోకులేశాడు.

సమ్మెట వెల్లకిలా పడుకుని చేతులు రెండూ ఆకాశం వైపు చాచి చూసుకున్నాడు. "ఏడాదిగా పిడికిలి బిగించాలంటేనే భయమేస్తోంది బావా. నిద్రలో ఎవరినైనా కొడతానేమోనని గోడ వైపు తిరిగి పడుకుంటున్నా. రేపటి నుంచి మనిషిలా పడుకుంటా."

ఇలాంటివాడిని పట్టుకుని లోకం రౌడీ అంటుందే అని చెవికి మండింది.

మధ్యాహ్నం ముగ్గురూ పడవెక్కారు. చెరువు నడుమ నాలుగు బాతులు ఒక బక్క బాతును చుట్టుముట్టి, దాని మెడ కరిచిపట్టి నీళ్లలో ముంచుతున్నాయి. అది పైకి తేలినప్పుడల్లా నెత్తి మీద పొడుస్తున్నాయి. నెత్తి మీద ఈకలన్నీ ఊడిపోయి ఎర్రటి చర్మం కనిపిస్తోంది. పక్క పడవలో ఒక కుటుంబం ఎంతో ముచ్చటగా దాన్ని ఫోన్లో తీసుకుంటోంది. సమ్మెట తెడ్డు పైకెత్తాడు. చెవి రెండు చరుపులు చరిచాడు. తెడ్డు దిగింది. బాతు మళ్లీ పైకి రాలేదు.

"బాతును కాపాడినా కేసేనా బావా?"

"ఇవాళ దేన్నీ కాపాడొద్దు. రేపొచ్చి కాపాడుకో."

డ్రైవరు ఆ పూటంతా మంచి హుషారుగా ఉన్నాడు. పడవలో ముగ్గురి ఫోటో తీసి, "ఇంకో మూడు గంటల్లో మా సమ్మెట ఫ్రీ!" అని రాసి, ఫోన్లో అందరికీ కనపడేలా పెట్టేశాడు. వెనక చెరువు, రాతి వంతెన, పార్కు పేరున్న బోర్డు అన్నీ స్పష్టంగా పడ్డాయి. మనిషి మంచివాడే. తలకాయ మాత్రం ఆ యంత్రంలోనే మరిచిపోయి దిగుతుంటాడు.

ఒడ్డుకు చేరి దుప్పటి మీద కూర్చున్నారో లేదో, మూడుంబావుకు దవడ వచ్చాడు.

ఒక్కడే రాలేదు. ఫోన్ పట్టుకుని తమ్ముడు, లారీ తాళ్లు బిగించే ఇనప కడ్డీతో ఒక లోడింగు మనిషి వెంట ఉన్నారు. విరిగిన ఎముక ఒక పక్కకు వంకరగా అతుక్కుంది. నోరు పూర్తిగా మూతపడదు, మూల నుంచి చొంగ కారుతుంటే మాటిమాటికీ చేతిగుడ్డతో తుడుచుకుంటాడు. వచ్చి దుప్పటి మీద తీరిగ్గా గొంతుక్కూర్చుని, డబ్బాలోంచి ఒక గుడ్డు తీసి కొరికాడు. సగం నమిలి సమ్మెట కాళ్ల దగ్గర ఉమ్మాడు.

"చూశావా? ఏడాదిగా గుడ్డు కూడా నమల్లేను. అంతా నీ పుణ్యమే."

"బావా, లే. పోదాం" అన్నాడు చెవి. వాళ్లొచ్చింది కొట్టడానికి కాదు, కొట్టించుకోవడానికి. ఆ సంగతి తమ్ముడి చేతిలోని ఫోన్ చూడగానే తెలిసిపోయింది. షరతు ఉన్నది ఒక్క సమ్మెటకే. ముందు ఎవరు కొట్టారని తర్వాత ఎవరూ అడగరు.

లోడింగు మనిషి మేస్త్రీ తల కింది దిండును ఒక్క తన్ను తన్నాడు. పెద్దాయన తల నేలకు కొట్టుకుంది. "ఒరే, పెద్దాయన్ని..." అంటూ డ్రైవరు లేవబోయాడు. కడ్డీ అతని మోకాలి మీద పడింది. ఎండుకొమ్మ విరిగిన చప్పుడు. కిందపడ్డవాడి ముఖం మీద రెండో దెబ్బ పడింది. ముక్కు పగిలి, రక్తం రొట్టెల మీదా దుప్పటి మీదా చిమ్మింది. ఇందాకటి దాకా గడ్డి మీద దొర్లి జోకులేసిన మనిషి ఇప్పుడు అదే గడ్డి మీద మోకాలు పట్టుకుని కేకలు పెడుతూ దొర్లుతున్నాడు.

జనం చుట్టూ చేరారు. ఆపడానికనుకునేరు! బాగా కనపడే చోటు కోసం ఒకరినొకరు తోసుకున్నారు. ఒకాయన పిల్లదాన్ని భుజాల మీదికి ఎక్కించుకున్నాడు కూడా.

సమ్మెట లేచి నిలబడ్డాడు. రెండు పిడికిళ్లూ చంకల్లో దూర్చి చేతులు కట్టేసుకున్నాడు. చెవి వెనక చేరి వీపు మీద చరిచాడు. రెండు.

దవడ అతని చెంప మీద ఫెడీమని కొట్టాడు. రెండు చరుపులు. మూతి మీద గుద్దాడు, పెదవి చిట్లింది. రెండు చరుపులు. లోడింగు మనిషి కడ్డీతో పక్కటెముకల మీద బాదాడు. సమ్మెట ముందుకు వంగి, దగ్గి, ఎర్రగా ఉమ్మి, మళ్లీ నిటారుగా నిలబడ్డాడు. రెండు చరుపులు. "కొట్టరా! మగాడివైతే కొట్టరా!" అని దవడ గొంతు చించుకున్నాడు. పిడిగుద్దులు గుద్దాడు, జుట్టు పట్టి లాగాడు, కణత మీద కొట్టాడు. నెత్తురు కళ్లలోకి కారి సమ్మెటకు ముందున్నది కనపడటం మానేసింది. చెయ్యి మాత్రం చంకలోంచి బయటికి రాలేదు. పడిన ప్రతి దెబ్బకూ వెనక నుంచి రెండు చరుపులు పడుతూనే ఉన్నాయి.

చెవి అలవాటు కొద్దీ అతని వీపుకు చెవి ఆనించాడు. పదకొండేళ్లుగా గోడల లోపలి సంగతి వింటున్నవాడు. లోపల ఊపిరి ఉరుముతోంది, ఎముకలు వణుకుతున్నాయి, కానీ పునాది కదల్లేదు. ఈ గోడ పడదు. ఇంకో గంట కొట్టినా పడదు. చెవికి ఆ సంగతి ఖాయంగా తెలిసింది. గర్వంతో కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

దవడకూ తెలిసినట్టుంది. చెయ్యి దించి ఆయాసపడ్డాడు. చొంగ తుడుచుకున్నాడు. వెళ్లిపోవడానికన్నట్టు వెనక్కి తిరిగాడు కూడా. అంతలో ఆగి, సమ్మెట భుజం మీదుగా చెవి ముఖంలోకి చూశాడు.

"నీ చెల్లెలు రోజూ మా షెడ్డు ముందు నుంచే కదా పనికి పోతుంది. ఈ ఏడాదిలో దాన్ని ఎన్నిసార్లు ఆపానో, ఏమేం అన్నానో అడిగావా ఎప్పుడైనా?"

సమ్మెట వీపు చెవి చెయ్యి కింద రాయిలా బిగుసుకుంది. చెవి వెంటనే చరిచాడు. ఒకటి.

"మూడు వారాల కింద జడ పట్టుకుని షెడ్డులోకి ఈడ్చాను. విదిలించుకుని పోయింది గానీ, గుప్పెడు జుట్టు నా చేతిలోనే ఉండిపోయింది. తోలుతో సహా. నీకు చెప్పిందా? చెప్పదురా! చెబితే వీడు లోపలికి పోతాడుగా!"

రుమాలు. తల్లో పుండు. ఉలిక్కిపడి విదిలించుకున్న పాప చేతులు.

చెవి అరచెయ్యి రెండో చరుపు కోసం లేచే ఉంది. కిందికి దిగితే చాలు, వీపు జానెడు దూరంలో ఉంది. సమ్మెట ఊపిరి బిగబట్టి, రెండోది వస్తుందేమోనని చూస్తున్నాడు. ఆ మాటలు అతనూ విన్నాడు. విని కూడా రెప్పపాటు దాటి చూశాడు, ఎప్పుడూ చూసేదానికన్నా ఎక్కువసేపే చూశాడు. చెవి ఒళ్లంతా మండిపోయింది. కళ్ల ముందు ఆ వంకర నోరు తప్ప మరేమీ లేదు. అది పగలాలి. పచ్చడైపోవాలి. అతని చెయ్యి గాల్లోనే ముడుచుకుని పిడికిలైంది.

రెండోది పడలేదు.

సమ్మెట చంకలోంచి కుడి చెయ్యి వచ్చింది. గోడలు కొట్టేవాడు ఎలా కొడతాడో అలాగే కొట్టాడు, మడమ దగ్గర మొదలుపెట్టి, నడుం తిప్పి, భుజం దింపి. దవడ రెండో వైపు కూడా విరిగింది. మనిషి నేల వదిలి, వెనకున్న సిమెంటు బెంచీ అంచుకు తల తగిలి, కింద కుప్పగా పడ్డాడు. వాడి చెవిలోంచి నెత్తురు సన్నగా గడ్డిలోకి కారింది. కాళ్లు కాసేపు కొట్టుకుని ఆగిపోయాయి.

సమ్మెట కళ్ల నిండా నెత్తురే. వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

"పడిందా బావా?"

ఫోన్ పట్టుకున్న తమ్ముడే "పడింది, పడింది, మొత్తం పడింది" అని అరిచాడు. అన్న బతికున్నాడో లేదో చూడటానికి వాడికి ఇంకో నిమిషం పట్టింది.

దవడ చావలేదు. పుర్రె చిట్లింది, ఒక చెవి ఇక వినపడదన్నారు డాక్టర్లు. డ్రైవరు పక్క వార్డులో మోకాలికి రాడ్లు వేయించుకోవడానికి ఎదురుచూస్తూ, ఫోటో పెట్టిన తన చేతిని మంచం పట్టీకేసి కొట్టుకుంటున్నాడని కబురొచ్చింది. సమ్మెట ఐదింటికి సరిగ్గా స్టేషన్లోనే ఉన్నాడు. సంతకాల పుస్తకం బల్ల మీదే ఉంది గానీ ఎవరూ దాన్ని తెరవలేదు.

ఇన్‌స్పెక్టరు చెడ్డవాడేమీ కాదు. వీడియో రెండుసార్లు చూసి తల పట్టుకున్నాడు. "అంతసేపు తన్నులు తిని ఓర్చుకున్నావు కదయ్యా! ఇంకో గంటన్నర ఆగలేకపోయావా?"

"బావ చరిచాడు సార్" అన్నాడు సమ్మెట.

"ఏంటి?"

"ఒకటే చరిచాడు. ఒకటంటే కొట్టమని. బావ చరిచాడంటే ఏదో కారణం ఉండే ఉంటుంది."

ఫిర్యాదు చేస్తున్నట్టు అనలేదు ఆ మాట. పని సంగతి చెప్పినట్టు చెప్పాడు. ఇన్‌స్పెక్టరుకు ముక్క అర్థం కాలేదు. "నా వల్లే సార్, చరిచింది నేను, కొట్టించింది నేను, నన్ను లోపలెయ్యండి" అని చెవి బల్ల పట్టుకుని వేడుకున్నాడు. వీపు మీద చరిస్తే ఏ సెక్షను కింద రాసుకోవాలో వాళ్లకు తెలియదు. పక్కకు తీసుకెళ్లి కూర్చోబెట్టారు.

బయట బెంచీ మీద మేస్త్రీ తలకు కట్టుతో కూర్చుని ఉన్నాడు. చెవి పక్కన కూలబడ్డాడు.

"రెండోది కొట్టేలోపే... టైము చాల్లేదు మేస్త్రీ."

మేస్త్రీ తల కట్టు సవరించుకున్నాడు. "నేను కిందపడి ఉన్నాను. నీ చెయ్యి నాకు బాగా కనపడింది. పైనే ఉంది. చాలాసేపు ఉంది. వాడు నీ కోసం ఎదురుచూస్తూనే ఉన్నాడు."

"మేస్త్రీ..."

"నాకు చెప్పకురా. ఆ పద్ధతి పెట్టింది నేను. పోయి నీ చెల్లెలికి చెప్పు. టైము చాల్లేదని మాత్రం చెప్పకు."

ఇంటికి చేరేసరికి ఇంకా వెలుతురుంది. వీధి మొదట్లో షెడ్డు ముందు కుర్చీ ఖాళీగా ఉంది. రోజూ చెల్లెలు ఈ కుర్చీ ముందు నుంచి ఎలా నడిచిందో, ఏం వింటూ నడిచిందో, ఇంటికొచ్చి నవ్వుతూ అన్నం ఎలా పెట్టిందో తలుచుకుంటూ చెవి దాన్ని దాటాడు.

పాప బూట్లేసుకుని గడప మీద కూర్చుని ఉంది. "మామయ్యా, నాన్న వెనకాల వస్తున్నాడా?" అంటూ లేచింది. చెల్లెలు అతని చొక్కా మీది నెత్తురు చూసింది. పాపను లోపలికి పొమ్మంది. అది పోలేదు.

చెవి దాచలేదు. గేటు దగ్గర నుంచి బెంచీ దాకా అన్నీ చెప్పాడు. సమ్మెట చేతులు కట్టుకుని ఎన్ని దెబ్బలు తిన్నాడో చెప్పాడు. చెల్లెలు గోడకు ఆనుకుని వింది.

"జుట్టు సంగతి వాడు చెప్పాడా?"

తలూపాడు.

"ఆయన విన్నాడా?"

"విన్నాడు."

"విని కూడా ఆగాడా?"

"ఆగాడమ్మా. రెండోది నా చేతిలోనే ఉంది. నేనే వెయ్యలేదు. వాడి నోరు పగిలితే చూడాలనిపించింది."

చెల్లెలు తల మీది రుమాలు విప్పింది. మాడుకు ఎడమ పక్క అరచేతి వెడల్పున జుట్టు లేదు. ఎర్రగా, పొక్కులు కట్టి, అక్కడక్కడా కొత్త వెంట్రుకలు మొలుస్తున్నాయి. అన్న చూసేదాకా అలాగే నిలబడింది.

"ఇది ఊడొచ్చినప్పుడు నేను అరవలేదు అన్నయ్యా. అరిస్తే ఆయన బయటికొస్తాడని పెదవి కొరుక్కుని ఇంటిదాకా నడిచాను. ఏడాదంతా ఓర్చుకున్నాను. ఆయన ఓర్చుకున్నాడు. నీ ఒళ్లు కాదు, నీ జుట్టు కాదు. నువ్వు ఒక్క చరుపు సేపు ఓర్చుకోలేకపోయావా?"

"నాన్న ఎప్పుడొస్తాడమ్మా?" అంది పాప.

చెల్లెలు కూతురి ముందు నేల మీద చతికిలబడి, పొద్దున కట్టిన బూట్ల ముడులు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టింది.